సరంగు లాంచీ బ్లాకు

ఆ ఎండాకాలం, మే మొదటి వారంలో సరంగు మామయ్య ట్రాక్టరు ట్రక్కులో ఒక ఇంజను బ్లాకు వేసుకుని మా షెడ్డుకు వచ్చాడు. మూడు గోనె సంచులు కప్పి, తాళ్ళతో కట్టి తెచ్చాడు. సంచులు తీస్తే కింద తుప్పు రేకులు రాలాయి. నాలుగు సిలిండర్లలోనూ పిస్టన్లు ఇరుక్కుపోయి ఉన్నాయి. నాలుగోదాంట్లో ఏదో పిట్ట గూడు పెట్టి వదిలేసి పోయింది.

"బావా, దీన్ని బతికించాలి" అన్నాడు నాన్నతో.

సరంగు మామయ్య మాకు చుట్టం కాదు. ముప్పై ఏళ్ళుగా నాన్నను బావా అంటున్నాడు కాబట్టి నాకు మామయ్య అయ్యాడు. అవతలి ఒడ్డుకూ ఇవతలి ఒడ్డుకూ లాంచీ తిప్పడం ఆయన పని. ఆ లాంచీకి మొదట ఉన్న ఇంజను ఇదే. ఏడేళ్ళ కింద దీన్ని దింపి, రేవు పక్కన పాకలో పడేసి, వేరే ఇంజను ఎక్కించాడు. ఎవరూ అడగలేదు. ఇన్నేళ్ళ తరువాత కొత్త తనిఖీదారు వచ్చి పర్మిట్టు పుస్తకం తెరిచాడు. పుస్తకంలో ఉన్న ఇంజను నంబరూ, లాంచీలో ఉన్న నంబరూ వేరు. కొత్త పర్మిట్లు ఇవ్వడం ఆపేశారట. పాత నంబరున్న ఇంజనుతో లాంచీ నడిపి చూపిస్తే పర్మిట్టు ఉంటుంది, లేకపోతే వానలు మొదలయ్యేలోగా రద్దవుతుంది. ఆ నంబరు ఇనుము పోత పోసినప్పుడే ఈ బ్లాకు పక్కన అచ్చుపడింది. ఊడదీసి ఇంకోదాని మీద పెట్టడానికి రాదు. అంచేత ఈ ఇనుము బతికితేనే ఆయన లాంచీ బతుకుతుంది.

నాన్న బ్లాకు చుట్టూ ఒకసారి తిరిగి, నానబెట్టమని నాతో అన్నాడు. పన్నెండు రోజులు కిరసనాయిలూ డీజిలూ కలిపిన తొట్టిలో నానబెట్టాను. పదమూడో రోజున చెక్క దిమ్మె పెట్టి కొడితే పిస్టన్లు ఒక్కొక్కటే కదిలాయి. నాలుగోది మాత్రం మధ్యాహ్నం దాకా మొండికేసింది.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. బ్లాకు బాగుచేయాలా, పాత సామానుకు వేయాలా అన్నది నాన్న సుత్తితో తట్టి చెప్తాడు. అందుకే ఊళ్ళో ఆయన్ను తట్టుడు మేస్త్రి అంటారు. తట్టేటప్పుడు మిషన్లన్నీ ఆపాలి, ఫ్యాను ఆపాలి, ఎవరూ మాట్లాడకూడదు. ఇనుము బాగుంటే గంటలా మోగుతుంది. పగులుంటే చప్పుడు బొంగురుపోతుంది. విన్న తరువాత నాన్న సుద్దముక్క తీసుకుంటాడు. బతికేదైతే బ్లాకు పక్క గోడ మీద గుండ్రంగా గీసి, దాని లోపలంతా సుద్ద నింపుతాడు. పోయేదైతే అడ్డగీతలు రెండు. ఆ గుర్తు పడ్డాక దాన్ని ఎవరూ చెరపరు. నేను పదిహేడేళ్ళకు ఆ షెడ్డులో పనికి కూర్చున్నాను, అప్పటికి పదిహేనేళ్ళయింది. ఒక్కసారి కూడా చెరిపింది చూడలేదు.

తట్టే రోజున సరంగు మామయ్య పొద్దున్నే వచ్చి, పర్మిట్టు పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. నేను సిలిండర్లు తొలిచే బోరింగు మిషను ఆపాను. ఫ్యాను ఆపాను. బ్లాకును గొలుసు కప్పీతో ఎత్తి, బోర్లా తిప్పి, చెక్కల మీద దించాం. అడుగున క్రాంకు, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, కూర్చునే గోడలు ఐదు పైకి వచ్చాయి. లాంచీని ముందుకు తోసే బలమంతా ఆ గోడల మీదే పడుతుంది, మధ్యలో ఉన్న మూడోదాని మీద మరీ ఎక్కువ.

నాన్న బ్లాకుకు ఒక పక్క, నేను ఎదురుగా. ఎప్పుడూ అలాగే నిలబడతాం. మొదటి గోడ మీద కొట్టాడు. మోగింది. తలెత్తి నా వైపు చూశాడు. రెండోది మోగింది. మళ్ళీ చూశాడు. నేను శ్రద్ధగా వింటున్నానా లేదా అని చూస్తాడని నా నమ్మకం. మూడో గోడ మీద కొట్టాడు.

చప్పుడు తడి కర్ర మీద కొట్టినట్టు వచ్చింది.

సరిగ్గా అప్పుడే పక్కనున్న సరంగు మామయ్య నా వైపు తిరిగాడు. ఆయనకు ఇనుము చప్పుడు తెలియదు. మోగిందా అని కళ్ళతోనే అడిగాడు. పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. ఆ చూపుకు నేను నవ్వాను. నాన్న నాలుగో గోడ మీదికి వెళ్ళాడు, ఐదోది కొట్టాడు, సుత్తి పక్కన పెట్టి సుద్దముక్క అందుకున్నాడు.

గుండ్రం గీశాడు. లోపల నింపాడు.

కింద చెక్క సరిగ్గా ఆనలేదేమో, అందుకే అలా వినిపించిందేమో అనుకున్నాను. ముప్పై ఏళ్ళు విన్న చెవి ఒకటి, పదిహేనేళ్ళు విన్న చెవి ఒకటి. నా చెవిదే తప్పనుకున్నాను. సరంగు మామయ్య నాన్న భుజం పట్టుకుని ఊపేశాడు. పర్మిట్టు వచ్చాక అవతలి ఒడ్డుకు మా ఇంటిల్లిపాదినీ ఉచితంగా తిప్పుతానన్నాడు. ముప్పై ఏళ్ళుగా టిక్కెట్టు ఎప్పుడు తీసుకున్నాం గనక అని అమ్మ వంటగదిలోంచి అంది. అందరం నవ్వాం.

మర్నాడు పొద్దున షెడ్డు తలుపులు తీసేసరికి సుద్ద గుండ్రం మధ్యలో పైనుంచి కిందికి నల్లటి గీత ఒకటి ఉంది. వెంట్రుక మందం.

కిరసనాయిలు ఇనుములోకి ఇంకదు. పగులులోకి ఇంకుతుంది. పైన ఎంత తుడిచినా పగులులో ఉన్నది రాత్రంతా మెల్లగా ఊరి బయటికి వస్తుంది, సుద్దను తడుపుతుంది. పగులు కనిపెట్టడానికి చాలామంది ఇదే పని కావాలని చేస్తారు. నాన్న తట్టి చెప్తాడు కాబట్టి మాకు ఆ అవసరం పడలేదు. ఆయన గీసిన గుర్తే ఆయన మాటను కాదంటోంది.

నేను గుడ్డ తీసుకున్నాను. చెరపలేకపోయాను. సుద్దముక్క తీసుకుని ఆ గీత మీద మళ్ళీ సుద్ద నింపాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. నాన్న వచ్చేలోపు ఆలోచించుకోవడానికి కాస్త సమయం కావాలనిపించింది, అంతే. వెనక్కి తిరిగితే అమ్మ టీ గ్లాసుతో గుమ్మంలో ఉంది.

గ్లాసు బల్ల మీద పెట్టి, బ్లాకు దగ్గరకొచ్చి చూసి, తలుపు దగ్గరగా వేసింది.

"ఆయనకు వినపడదే" అంది.

ఎడమ చెవి కాస్త మందమని నాకు తెలుసు. అదే అన్నాను.

"రెండూ. రెండేళ్ళయింది. పెదాలు చూసి మాట్లాడతాడు. నీతో చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు."

మిషన్ల హోరులో బతికినవాళ్ళకు ఇది మామూలేనని డాక్టరు చెప్పాడట. వినికిడి మిషను పెట్టుకోమన్నాడట. చెవిలో అది కనిపిస్తే ఈ గుమ్మం తొక్కేవాడుండడని నాన్న దాన్ని బీరువాలో పెట్టేశాడు. అమ్మ ఇవన్నీ గొంతు తగ్గించి చెప్పింది, ఆయన అప్పుడు ఇంటి వెనక ఉన్నా, ఎంత గట్టిగా చెప్పినా వినపడదని తెలిసినా. అలవాటు.

నాకు వెంటనే వచ్చిన అనుమానం వేరు. ఈ రెండేళ్ళలో నా లెక్కకు నలభై బ్లాకుల పైనే తట్టాడు. గుండ్రం గీసినవి ఒక్కటీ తిరిగి రాలేదు. అడ్డగీతలు పెట్టినవి విరగ్గొట్టినప్పుడు పగులు చెప్పిన చోటే ఉంది. వినపడని మనిషి అది ఎలా చెప్పాడు? అమ్మను అడిగాను. తెలియదంది. ఆయన విద్య ఆయన చేతిలో ఉంది కాబోలంది.

మధ్యాహ్నం నాన్న భోంచేసి నడుం వాల్చాక మూడో గోడను ఇనుప బ్రష్షుతో తోమాను. కిరసనాయిలు రాసి, తుడిచి, సుద్దపొడి చల్లి, గడియారం చూస్తూ కూర్చున్నాను. పావుగంటకు గీత తేలింది. క్రాంకును పట్టి ఉంచే బోల్టు రంధ్రం దగ్గర మొదలై, గోడంతా కోసుకుంటూ బయటి గోడ దాకా వచ్చింది. పగులు పక్క గోడ వరకే ఉంటే కుట్లు వేసి ఆపవచ్చు. నీళ్ళు కారే పగులైతే దానికీ దారులున్నాయి. బోల్టు రంధ్రం దాకా పోయినదానికి దారి లేదు. బరువు పడ్డ కొద్దీ తెరుచుకుంటుంది. ఒకనాడు గోడ విడిపోతే క్రాంకు ఊడి ఇంజను చీలుతుంది. రోడ్డు మీద లారీ అయితే పక్కకు తీసి ఆపుకుంటారు. ఏటి మధ్యలో పక్క ఉండదు.

సాయంత్రం నాన్న వచ్చి, రేపు సిలిండర్లు బోరింగు మొదలుపెట్టమన్నాడు. నేను ఆయన ఎదురుగా నిలబడి, పెదాలు కనిపించేలా, ఇటు రమ్మన్నాను. ఆయనకు అప్పుడే అర్థమై ఉంటుంది. రెండేళ్ళలో నేనెప్పుడూ అలా పనిగట్టుకుని ఎదురుగా నిలబడి మాట్లాడలేదు.

సుద్దపొడిలో గీత చూశాడు. గోటితో దాని వెంట పైనుంచి కిందికి వెళ్ళాడు, కిందినుంచి పైకి వచ్చాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"మూడో గోడ కొట్టినప్పుడు నువ్వు నవ్వావు" అన్నాడు.

నింద లేదు. ఏం జరిగిందో చెప్పాడు, అంతే.

నేను ఆ నలభై బ్లాకులనూ గుర్తు చేసుకున్నాను. ప్రతిసారీ సుత్తి పడటం, ఆయన తలెత్తడం. నేను వింటున్నానా లేదా అని కాదు ఆయన చూసింది. మోగితే నా మొహం ఎలా ఉంటుందో, మోగకపోతే ఎలా ఉంటుందో ఆయనకు నా చిన్నప్పటినుంచీ తెలుసు. రెండేళ్ళుగా ఆ షెడ్డులో తీర్పు నాది. అది ఆయనదేనని నాతో సహా ఊరంతా అనుకుంది.

సరంగు మామయ్యకు కబురు పెట్టాం. వచ్చాడు. గుండ్రం ఇంకా అలాగే ఉంది, నేను నింపిన సుద్ద మీద ఆ గీత మళ్ళీ తేలింది.

"పొరపాటు పడ్డాను బావా. పగిలింది" అన్నాడు నాన్న.

సరంగు మామయ్య చాలాసేపు నమ్మలేదు. పన్నెండు రోజులు నానబెట్టి, తట్టి, గీసి, అవతలి ఒడ్డంతా చాటించాక ఇప్పుడు పగిలిందంటే ఎలాగన్నాడు. నిన్న మోగినది ఇవాళ ఎలా పగిలిందన్నాడు. నేను గీత చూపించాను. పాత ఇనుము మీద ఇలాంటి గీతలు వందుంటాయన్నాడు. నాన్నను అడగడం మొదలుపెట్టాడు. అడుగుతూ అటూ ఇటూ తిరిగాడు, ఒకసారి తలుపు వైపు, ఒకసారి బ్లాకు వైపు. మొహం కనిపించనప్పుడల్లా నాన్న ఊరుకున్నాడు.

"ముప్పై ఏళ్ళ స్నేహానికి ఒక్క కారణం చెప్పలేవా బావా? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందే నా పని" అన్నాడు సరంగు మామయ్య.

అమ్మ గుమ్మం అవతల నిలబడి ఉంది. నేను నోరు తెరిచాను. అమ్మ నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. నోరు మూసుకున్నాను.

ఆ మాట ఒక్కటి అప్పుడు చెప్పి ఉంటే ఆయన ఆగేవాడు. చెప్పలేదు కాబట్టి ఆయనకు తోచిన కారణం ఆయన అల్లుకున్నాడు. ఆ రేవులోనే తిరిగే పోటీ లాంచీవాడు నాన్న చెవిలో ఏదో ఊదాడన్నాడు. మర్నాడే అదే ట్రాక్టరులో బ్లాకును వేసుకుని ఊరికి అటు చివరనున్న వెల్డరు దగ్గరికి పట్టుకుపోయాడు.

మూడు వారాల పాటు మా ఇంట్లో ఎవరూ ఆ ఊసు ఎత్తలేదు. షెడ్డుకు వచ్చేవాళ్ళు ఎత్తేవాళ్ళు. వెల్డరు మూడో గోడకు రెండు పక్కలా అతుకు వేశాడని ఒకరు, సిలిండర్లలోకి లైనర్లని కొత్త గొట్టాలు దింపారని ఒకరు, ఇంజను లాంచీలో కూర్చుందని ఇంకొకరు. వందేళ్ళు ఢోకా లేదని వెల్డరు అన్నాడట. పోత ఇనుము మీద అతుకు చూడ్డానికి బాగుంటుంది. బయటి మూతకైతే చాలు కూడా. క్రాంకు మోసే గోడకు అది గుమ్మానికి కాగితం అతికించినట్టే. నాన్న ఆ కబుర్లన్నీ చెప్పేవాళ్ళ పెదాల మీద చదివి, మళ్ళీ ఆకురాయి పట్టేవాడు.

తనిఖీదారు వచ్చాడు. లాంచీని రేవులోనే పది నిమిషాలు నడిపించి చూశాడు, నంబరు చూశాడు, పుస్తకం మీద ముద్ర వేశాడు. సోమవారం పొద్దున మొదటి ట్రిప్పు అని తెలిసింది. ఎగువన అప్పటికే వానలు పడ్డాయి. ఏటి నీరు రంగు మారి రేవు మూడో మెట్టు దాకా ఎక్కింది.

ఆదివారం నేను అమ్మతో చెప్పాను, రేపు రేవుకు వెళ్తానని.

"చెప్పాల్సింది మీ నాన్న చెప్పాడు. వినకపోతే వాళ్ళ ఖర్మ" అంది.

పగిలిందని చెప్పాం గాని, ముందు బాగుందని ఎందుకన్నామో చెప్పలేదుగా, అందుకే నమ్మలేదుగా అన్నాను.

"అది చెప్తే ఇంకెవరు నమ్ముతారు ఆయన్ని? ఈ వయసులో మనిషిని బజారుకీడుస్తావా?" అంది. అన్నం పెట్టింది, నీళ్ళు పెట్టడం మరిచిపోయింది.

సోమవారం నేను వెళ్ళేసరికి లాంచీ నిండింది. పనికి వెళ్ళేవాళ్ళు, బుట్టలవాళ్ళు, సంచులు తగిలించుకున్న బడిపిల్లలు ఓ పదిహేనుమంది. ఇంజను నడుస్తోంది. నేను రేవు మెట్ల మీద ఆగి విన్నాను. బరువు లేకుండా తిరుగుతున్న ఇంజను ఏ వంకా లేకుండా తిరుగుతోంది. వెనక్కి వెళ్ళిపోవడానికి ఆ సాకు చాలు. ఒడ్డుకూ లాంచీకీ మధ్య పలక ఇంకా తీయలేదు. పలక ఎక్కి మధ్యలో నిలబడ్డాను.

సరంగు మామయ్య చుక్కాని దగ్గర్నుంచి చూశాడు. ఎక్కితే ఎక్కమన్నాడు, లేకపోతే దిగమన్నాడు.

"మామయ్యా, ఆ గోడ ఆగదు. వీళ్ళను దించెయ్యండి."

"మీ బాబు పంపాడా?"

"నాన్నకు నేను వచ్చిన సంగతి తెలీదు."

"మరి ఎవరి మాట ఇది? బాగుందన్నదీ ఆయనే, పోయిందన్నదీ ఆయనే. ఇప్పుడు నువ్వొచ్చావు. నీకేం తెలుసు?"

లాంచీలో మాటలు ఆగాయి. ఇంజను చప్పుడు ఒక్కటే ఉంది. వెనక కూర్చున్న వాళ్ళకు కూడా వినపడాలి కాబట్టి నేను గొంతు పెంచాను.

"నాన్నకు వినపడదు మామయ్యా. రెండేళ్ళ నుంచి రెండు చెవులూ వినపడవు. నేను వింటుంటే, నా మొహం చూసి గీస్తున్నాడు. మూడో గోడ ఆ రోజే మోగలేదు. నాకు వినిపించింది. మీరు నా వైపు ఆశగా చూస్తే చెప్పలేక నవ్వాను. ఆ నవ్వు చూసి నాన్న గుండ్రం గీశాడు. తప్పు నాది. ఆ గోడ మాత్రం పగిలింది."

బుట్టతో ముందు కూర్చున్న ఆవిడ లేచి, బుట్ట నడుముకు ఎత్తుకుని, కాస్త జరుగమ్మా అంది. జరిగాను. ఆవిడ పలక మీదుగా ఒడ్డుకు వెళ్ళింది. ఆవిడ వెనక ఇద్దరు పిల్లలు, వాళ్ళ వెనక ఇంకొందరు. నలుగురు మగవాళ్ళు కాసేపు కూర్చునే ఉన్నారు, మాకేం భయమన్నట్టు. తరువాత వాళ్ళూ దిగారు. అందరూ దిగాక కూడా సరంగు మామయ్య చుక్కాని పట్టుకునే ఉన్నాడు. ఆ తరువాత వంగి ఇంజను ఆపాడు.

"ఈ మాట ఆ రోజు మీ షెడ్డులో చెప్పుంటే..." అన్నాడు. పుస్తకం మీద ముద్ర ఉంది, లాంచీ కట్టేసి ఉంది. ఆ ఏడు ఆ పర్మిట్టు వాడకుండానే గడువు దాటింది. ఆయన పోటీ లాంచీలో చుక్కాని పనికి కుదిరాడు. ఆ బ్లాకు ఎన్నాళ్ళు ఆగేదో, అసలు విరిగేదో లేదో నాకు ఎప్పటికీ తెలియదు. ఎవరూ దాన్ని మళ్ళీ నడపలేదు.

నేను ఇంటికి చేరేలోపు కబురు చేరింది. అమ్మ వంటగదిలో నాకు వీపు పెట్టి నిలబడి ఉంది, తిరగలేదు. నాన్న షెడ్డులో బల్ల సర్దుతున్నాడు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. ఆయన నా మొహం వైపు చూడకుండా, సర్దినవే మళ్ళీ సర్దాడు.

మర్నాడు పది గంటలకు నీటి పంపు బ్లాకుతో ఒక రైతు వచ్చాడు. నన్ను చూశాడు, నాన్నను చూశాడు, ఎవరితో మాట్లాడాలో తెలియక నాన్న పక్కన నిలబడి నేల చూస్తూ ఏదో గొణిగాడు. అమ్మ గుమ్మంలోకి వచ్చి ఆగింది.

నాన్న ఆకురాయి కింద పెట్టాడు. చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. రైతును భుజం పట్టి తన వైపు తిప్పుకున్నాడు.

"ఇటు తిరిగి చెప్పు నాయనా" అన్నాడు. "నాకు వినపడదు."